రాహుకాలానికి టైమ్ జోన్ లెక్క చాలదు

పండగ వచ్చిందంటే అమెరికా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక తగువు ఖాయం. ఇండియాలో ఆదివారం అంటున్నారు, ఇక్కడి గుడిలో శనివారం అంటున్నారు, ఏది నమ్మాలి? చాలాసార్లు గుడివాళ్లదే సరైన లెక్క. 'శాస్త్రం ప్రకారం ఇండియా టైమే' అని వాదించేవాళ్లు పంచాంగాన్ని సగమే చదువుతున్నారు.

పంచాంగంలో రెండు రకాల సమయాలు పక్కపక్కనే అచ్చవుతాయి. సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి పూర్తవుతుంది. ఆ క్షణం భూమంతటికీ ఒకటే. హైదరాబాద్‌లో ఆదివారం ఉదయం 7:30కి తిథి ముగిస్తే, వేసవిలో డాలస్ గడియారం పదిన్నర గంటలు వెనక కాబట్టి అక్కడ శనివారం రాత్రి 9కే అయిపోతుంది. ఇంతవరకూ టైమ్ జోన్ చాలు. సూర్యోదయానికి తిథి ఉన్న రోజే పండగ అనుకుంటే మాత్రం ఫలితం మారిపోతుంది. డాలస్‌లో ఆదివారం తెల్లారేసరికి ఆ తిథి లేదు, శనివారం పొద్దున ఉంది. రెండు ఊళ్లలో రెండు తేదీలు, రెండూ ఒప్పే.

రాహుకాలం సంగతి పూర్తిగా వేరు. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా పగటిని ఎనిమిది భాగాలు చేస్తే, సోమవారం రెండో భాగం రాహుకాలం. క్యాలెండర్లో కనిపించే 7:30 నుంచి 9:00 అన్నది ఆరింటికి తెల్లారి ఆరింటికి పొద్దుగూకుతుందనుకుని వేసిన లెక్క. అందులోంచి పదిన్నర గంటలు తీసేస్తే డాలస్‌లో ఆదివారం రాత్రి 9 నుంచి 10:30 అని వస్తుంది. రాత్రిపూట రాహుకాలం! పోనీ 7:30నే అక్కడి గడియారంలో చూసుకుందామా అంటే అదీ కుదరదు. జూన్ చివర్లో డాలస్‌లో సూర్యోదయం 6:20 ప్రాంతంలో, అస్తమయం రాత్రి 8:38 ప్రాంతంలో. ఒక్కో భాగం సుమారు 1 గంట 47 నిమిషాలు. సోమవారం రాహుకాలం 8:07 నుంచి 9:54 దాకా ఉంటుంది. క్యాలెండర్ చూసి తొమ్మిది దాటాక నిశ్చింతగా బయల్దేరినవాడు సరిగ్గా అందులోనే అడుగుపెట్టాడు. నమ్మకం ఉందా లేదా అన్నది ఎవరిష్టం వారిది, పాటిస్తే మాత్రం లెక్క సరిగా ఉండాలి కదా.

ఈ తేడాలో పగటి నిడివి అక్షాంశం పుణ్యం, మిగతాది రేఖాంశానిది. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే డిగ్రీకి 4 నిమిషాలు. డాలస్ గడియారాలు నడిచే సెంట్రల్ టైమ్‌కు ఆధారం 90 డిగ్రీల పశ్చిమ రేఖాంశం. డాలస్ దాదాపు 96.8 దగ్గరుంది. సూర్యుడు 27 నిమిషాలు ఆలస్యం, దానిపై వేసవిలో గడియారాన్ని ముందుకు జరిపే గంట అదనం. సగటున మధ్యాహ్నం 1:27కి గానీ నడినెత్తికి రాడు.

మన దగ్గరా ఇదే కథ, చిన్న మోతాదులో. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గర నుంచి, మన కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. హైదరాబాద్‌లో సూర్యుడు గడియారం కంటే సగటున 16 నిమిషాలు వెనక, ఇచ్ఛాపురంలో 9 నిమిషాలు ముందు. ఒకే పంచాంగం రెండు చోట్లా వాడితే 25 నిమిషాల తేడా. రాహుకాలానికి అది పెద్ద లెక్కేమీ కాకపోవచ్చు. రెండు గంటలుండే లగ్నం అంచున పెట్టిన ముహూర్తానికి మాత్రం గట్టి దెబ్బే.

పాతకాలం సిద్ధాంతులకు ఇది తెలియనిదేం కాదు. సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథం ఉజ్జయిని మీదుగా పోయే రేఖను ఆధారం చేసుకుని, ఏ ఊరికి ఆ ఊరి దేశాంతర సంస్కారం, అంటే రేఖాంశం తేడాకు తగ్గ సవరణ, చెయ్యమంది. కాబట్టి డాలస్‌కు వేరే లెక్క కట్టడం శాస్త్రాన్ని మీరడమేమీ కాదు. ఏ ఊరికి గణించారో పంచాంగకర్తలు లోపలి పేజీల్లో చిన్న అక్షరాల్లో కాకుండా అట్టమీదే వేస్తే సగం తగువులు తీరతాయి. ఫోన్‌లో చూసేవాళ్లు యాప్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్‌తో పాటు ఊరు కూడా మారిందో లేదో చూసుకోవాలి. ఊరు హైదరాబాద్‌గానే ఉండిపోతే అది చూపించేది హైదరాబాద్ సూర్యోదయాన్నే, డాలస్ గడియారంలో.