మిషన్ మంచిదే, తప్పంతా రాతలోనే

చంద్రగిరిలో ఉండే మా పెదనాన్నకు కువైట్ నుంచి వాళ్లబ్బాయి ఒక షుగర్ మిషన్ పంపించాడు. మూడు వారాలు రోజూ పరగడుపున వేలు గుచ్చుకుని చూసుకున్నారు. 11.2, 10.8, 11.6 అని వచ్చేవి. పాత మిషన్లో 110, 115 చూసిన అలవాటు ఆయనది. మధ్యలో ఉన్న చుక్కను పట్టించుకోకుండా 112 అనుకుని నిశ్చింతగా ఉన్నారు. తిరుపతిలో ల్యాబ్‌కు తీసుకెళ్తే 200 దాటింది.

మిషన్ చెడిపోలేదు. అది మిల్లీమోల్ లెక్కలో చూపిస్తోంది, మనది మిల్లీగ్రాముల లెక్క. ఆ అంకెను 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. 11.2 అంటే దాదాపు 202. ఆ సంగతి తెర మీద ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది కూడా. డెబ్బై దాటిన కంటికి ఆనలేదు.

అక్కడ రాత సరిగానే ఉంది, చదవడంలోనే పొరపాటు జరిగింది. రాతే తప్పయితే? 'లేబుల్ తప్పు పడినందుకు వైద్య పరికరాల రీకాల్', అంటే అమ్మిన సరుకును కంపెనీ వెనక్కి పిలిచిందని, వార్త వస్తే మనం తేలిగ్గా తీసుకుంటాం. అచ్చు తప్పేగా, లోపల సరుకు బాగానే ఉందిగా అనుకుంటాం. టీవీ పెట్టె మీద ఒక అక్షరం తప్పు పడితే బొమ్మకేమీ కాదు. పరీక్ష చేసే పరికరానికి ఈ మాట చెల్లదు. అది మనకిచ్చేదే ఒక అంకె, ఒక గుర్తు. దాని అర్థం చెప్పే రాత తప్పితే ఆ పరీక్షే తప్పినట్టు.

దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో లైఫ్‌స్కాన్ కంపెనీ ష్యూర్‌స్టెప్ అనే షుగర్ మిషన్ అమ్మింది. షుగర్ 500 దాటితే 'హెచ్ఐ' అని, అంటే చాలా ఎక్కువ ఉందని, చూపించాలి. కొన్ని మిషన్లు 'ఈఆర్ 1' అని చూపించాయి. అది చూసినవాళ్లు మిషన్లో ఏదో లోపం అనుకుంటారు తప్ప, ప్రాణం మీదికి వచ్చిందని ఎలా అనుకుంటారు? ఆస్పత్రికి పరుగెత్తాల్సిన మనిషి ఇంకో స్ట్రిప్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటాడు. చివరికి కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది, 2000 డిసెంబరులో మొత్తం 6 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడింది. తెర మీద రెండక్షరాల తేడా అది. కోవిడ్ రోజుల్లోనూ ఇలాంటిదే జరిగింది. 2021 జూన్‌లో ఇన్నోవా కంపెనీ కోవిడ్ ర్యాపిడ్ టెస్టులు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. టెస్టు వైరస్‌ను ఎంత బాగా పట్టుకుంటుందో లేబుల్‌లో చెప్పిన లెక్కలు అధ్యయనంలో వచ్చిన లెక్కలతో సరిపోలేదన్నది ఒక కారణం.

మన దగ్గర 2017 వైద్య పరికరాల నిబంధనలు ఉన్నాయి, 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుకుకు వేసే నంబరు), గడువు తేదీ, తయారీదారు చిరునామా, ఎలా నిల్వ చేయాలి, ఇవన్నీ పెట్టె మీద ఉండాలి. పరికరం వల్ల ముప్పు ఉందని తెలిస్తే కంపెనీయే వెనక్కి పిలవాలి. కాగితం మీద ఇదంతా బాగానే ఉంది.

నిల్వ గురించి ఒక మాట. చాలా స్ట్రిప్పుల డబ్బాల మీద 30 డిగ్రీలు మించకూడదని ఉంటుంది. మే నెలలో తిరుపతిలో ఎండ 40 దాటుతుంది. స్ట్రిప్పుల డబ్బా బైకు సైడ్ బాక్సులో పెట్టుకుని తిరిగేవాళ్లను నేను చూశాను. ఆ 30 అనే అంకె ఎంత ముఖ్యమో వాళ్లకు ఎవరు చెప్పారు? చెప్పాల్సిన కాగితం ఇంగ్లీషులో, ఆవగింజంత అక్షరాల్లో ఉంటుంది.

రీకాల్ వస్తే ఏం చేస్తారని తిరుపతి రుయా ఆస్పత్రి దగ్గర ఒక మెడికల్ షాపులో అడిగాను. "డిస్ట్రిబ్యూటర్ చెప్తే ర్యాకులో ఉన్నవి పంపించేస్తాం సార్. అమ్మేసినవి ఎవరింట్లో ఉన్నాయో మాకెలా తెలుస్తుంది?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. బిల్లు లేకుండా కొనేవాళ్లే ఎక్కువ. కానీ నాకు అసలు టెన్షన్ అక్కడే. పలమనేరులోనో పుత్తూరులోనో ఓ ఇంటి అలమరలో ఉన్న తప్పు లేబుల్ డబ్బా దగ్గరికి ఏ రీకాల్ నోటీసూ నడిచి రాదు. ఈ విషయంలో ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లే నయం, వాళ్ల చిరునామా అమ్మినవాడి దగ్గర ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను. మాత్రల బిల్లులో బ్యాచ్ నంబరు వేసినట్టే షుగర్ మిషన్‌కూ స్ట్రిప్పులకూ లాట్ నంబరుతో, కొన్నవాళ్ల ఫోన్ నంబరుతో బిల్లు ఇవ్వాలి. ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ఆ ఒక్కటీ చూస్తే చాలు, షాపులు దారికొస్తాయి. రీకాల్ వచ్చినప్పుడు ఆ నంబర్లకు తెలుగులో మెసేజ్ పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? జిల్లా ఆస్పత్రి ఓపీ గోడ మీద తెలుగులో ఒక నోటీసు అంటించడానికి ఏం అడ్డం?

కొన్నవాళ్లం మనమూ పెట్టె పారేయకుండా ఉంచుకోవాలి, లాట్ నంబరు దాని మీదే ఉంటుంది. అంకె తేడాగా అనిపిస్తే ల్యాబ్‌లో ఒకసారి సరిచూసుకుని, 1800-180-3024 టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి చెప్పొచ్చు. వైద్య పరికరాల మీద ఫిర్యాదులు నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం దేశంలో 2015 నుంచి నడుస్తోంది.

పెదనాన్నకు తిరుపతిలోనే కొత్త మిషన్ కొన్నాం. బిల్లు మీద లాట్ నంబరు రాయమంటే షాపులో కుర్రాడు వింతగా చూశాడు, కానీ రాశాడు.