ఇంట్లో పుట్టిన బడి, తోటలో పుట్టిన బడి

1946లో కౌలాలంపూర్‌లో ఆలిస్ ఫెయిర్‌ఫీల్డ్-స్మిత్ అనే తల్లి తన కూతురికి ఇంట్లోనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఇరుగుపొరుగు పిల్లలూ వచ్చి చేరారు. ఇవాళ్టి ఆలిస్ స్మిత్ స్కూల్ అలా పుట్టింది. సింగపూర్‌లోని టాంగ్లిన్ స్కూలు కూడా 1925లో గుప్పెడు మంది పిల్లలతోనే మొదలైంది. ఇప్పుడు పెద్ద పెద్ద ప్రాంగణాలు, ఈతకొలనులు చూసి, బడి పనుల్లో పాలుపంచుకోవడానికి వెనక్కి తగ్గే మలేషియాలోని మన తెలుగు తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియాలి.

మా అమ్మాయి చదివేదీ బ్రిటిష్ పాఠ్యప్రణాళిక ఉన్న బడే. ఆ తరగతిలో మన పిల్లలు ఆరుగురు. తల్లిదండ్రుల సంఘం సమావేశానికి వెళితే తెలుగువాళ్లు నేనూ, ఇంకొకరూ. రానివాళ్లను అడిగితే ‘ఫీజు కట్టాం కదండీ’ అంటారు. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. ఐజీసీఎస్‌ఈ (పదహారేళ్ల వయసులో రాసే బ్రిటిష్ పద్ధతి పరీక్ష) గ్రేడుల గురించి అర్ధరాత్రి దాకా మాట్లాడుకునే మనం, మన పిల్లలు రోజుకు ఏడు గంటలు గడిపే చోటు ఎలా నడుస్తోందో పట్టించుకోకపోతే ఎలా?

ఇక్కడే మరో బడి గురించి చెప్పాలి. ఉత్తరాంధ్ర నుంచి, చిత్తూరు నుంచి మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటలకు వచ్చిన మనవాళ్ల పిల్లలు తోట బడుల్లో చదివారు. చదువుకునే వయసు పిల్లలు పదిమంది ఉంటే యజమాని బడి పెట్టాలని 1923 నాటి కార్మిక చట్టం చెప్పింది. చట్టం ఉన్నా చాలాచోట్ల ఒకే గది, ఒకే పంతులు. ఆలిస్ గారింట్లో పాఠాలు మొదలైన 1946 నాటికి జపాన్ ఆక్రమణ ముగిసి ఏడాదే అయింది. జపాన్‌వాళ్లు సయాం (థాయ్‌లాండ్) నుంచి బర్మాకు వేయించిన రైలుమార్గం పనికి తరలించిన తమిళ, తెలుగు కూలీలలో ఎందరో తిరిగి రాలేదు. వాళ్ల కోసం తోటల్లో ఇంకా ఎదురుచూస్తున్న ఇళ్లున్నాయి. ఒకే దేశం, ఒకే ఏడాది. ఆ రెండు బడుల కథా ఒకే పిల్లవాడికి చెప్పగలిగిన రోజు వచ్చింది.

ఎందుకంటే 2012లో మలేషియా ప్రభుత్వం అంతర్జాతీయ పాఠశాలల్లో స్థానిక విద్యార్థులకు ఉన్న 40 శాతం పరిమితిని ఎత్తివేసింది. తోట కార్మికుల మునిమనవలూ, నిన్న గాక మొన్న హైదరాబాదు నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్ల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చోవచ్చు. కూర్చుంటున్నారు కూడా. కానీ వాళ్ల అమ్మానాన్నలకు ఒకరి ఇంటిపేరు ఒకరికి తెలియదు. ఉగాది నాడు తెలుగు సంఘం హాల్లో పచ్చడి పంచుకునేటప్పుడు తప్ప కలవరు.

బడిలో అంతర్జాతీయ దినోత్సవం వస్తే మనం పులిహోర, పట్టుచీరలతో సరిపెడతాం. పులిహోర ఉండాల్సిందే. దాని పక్కన, తోట బడిలో పలక పట్టిన ఒక పెద్దాయననో పెద్దావిడనో కుర్చీ వేసి కూర్చోబెట్టాలని నా కోరిక. పిల్లలు అడుగుతారు, వాళ్లు చెబుతారు. బడి చరిత్ర రాసే పుస్తకంలో ఆ మాటలకు రెండు పేజీలు అడుగుదాం. 1955 నుంచి ఉన్న మన తెలుగు సంఘానికి అలాంటి పెద్దలను వెతకడం కష్టం కాదు. ఇంకో పదేళ్లు ఆగితే మాత్రం కష్టమే.

వచ్చే తల్లిదండ్రుల సంఘం సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. నాతో కలిసి మాట్లాడటానికి మలేషియాలో పుట్టిన తెలుగు తల్లిదండ్రులు ఒకరైనా కావాలి. ఈ సంచిక చేతికందగానే తెలుగు సంఘం కార్యాలయంలో పేరు ఇవ్వండి.