ఆ కళ్ళ మీంచి కాస్త చూపు తిప్పండి

డైనోసార్ల కాలంలో సముద్రంలో ఈదిన చేప ఆకారపు సరీసృపం ఆఫ్తాల్మోసారస్ (పేరుకి అర్థం 'కంటి బల్లి') గురించి ఎవరు పోస్ట్ పెట్టినా ఒకటే పాట: "అబ్బో, ఎంత కళ్ళో!" పెద్దవే, కాదనను. 4 మీటర్ల ఒంటికి 22 సెంటీమీటర్ల కన్ను, పళ్ళెమంత. కంటిగుడ్డును కాపాడే ఎముక పలకల వలయం శిలాజంలో మిగలబట్టి ఆ కొలతైనా తెలిసింది. ఉత్త సైజే కావాలంటే ఇలాంటిదే ఇంకో సముద్ర సరీసృపం టెమ్నోడాంటోసారస్ కన్ను 26 సెంటీమీటర్లు, వెళ్ళి దాన్ని పొగడండి.

నా గొడవ వేరు. 1874లో శిలాజాల శాస్త్రవేత్త హ్యారీ సీలీ, ఇంగ్లండ్‌లో 'ఆక్స్‌ఫర్డ్ క్లే' అనే బంకమట్టి పొరలో దొరికిన ఈ జీవికి పేరు పెట్టిన వ్యాసం ఉంది చూశారూ, దాని శీర్షికలో ఉన్నది భుజం ఎముకలూ, ముందుకాలూ. రాసిందేమో చేతి గురించి, తగిలించిందేమో కంటి పేరు! 150 ఏళ్ళుగా మనం ఆ పేరు పట్టుకునే వేలాడుతున్నాం.

మొన్న దీని భుజాస్థి (భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక) స్కాన్ ఒకటి దొరికితే ఫోన్లో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నా. మన భుజాస్థికి మోచేతి దగ్గర తగిలేవి ముంజేతి ఎముకలు రెండే: రత్ని, అరత్ని. దీని జాతిలోనే ఇంకా పాతదైన ఇక్తియోసారస్‌కీ అంతే. దీనికి మాత్రం కింది కొసన పక్కపక్కనే మూడు గుంటలు! ముందు అంచున ఉన్న ఆ చిన్న గుంటలో ఒక అదనపు ఎముక కూర్చుంటుంది, దాని వెనకే కిందికి ఇంకో వేలి వరస. మోచెయ్యేదో మణికట్టేదో పోల్చుకోలేం, అన్నీ గుండ్రటి బిళ్ళలైపోయి ఒకే తెడ్డు. ఆఫ్తాల్మోసారిడే కుటుంబానికి ముఖ్యమైన గుర్తు ఆ అదనపు ఎముకే. కన్ను కాదు మహాప్రభో!

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇదీ వినండి. అమెరికాలో మార్ష్ అనే శిలాజాల శాస్త్రవేత్త 1879లో దీని చుట్టానికి 'పళ్ళు లేనిది' అని పేరు పెట్టాడు. ఆ పేరు అప్పటికే ఇంకో జీవికి ఉందని తేలి, 1880లో బాప్టనోడాన్ అని మార్చాడు, అందులోనూ 'పళ్ళు లేవు' వదల్లేదు. 1902లో గిల్మోర్ అనే ఇంకో శాస్త్రవేత్త దానికి పళ్ళు చూపించాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంటినిండా గబ్బిలాల కంపు.

తర్వాత ఆ బాప్టనోడాన్‌ని తెచ్చి ఆఫ్తాల్మోసారస్‌లోనే కలిపేశారు. ఇప్పుడు చాలామంది మళ్ళీ విడదీస్తున్నారు, నా ఓటూ విడదీయడానికే. ఆ మూడు గుంటలు కుటుంబంలో చాలావాటికి ఉన్నవే. వాటిని చూపించి రెండూ ఒకే ప్రజాతి అనడమంటే, ముక్కు ఒకేలా ఉందని దాయాదుల్ని కవలలనడమే.