రాత్రి ఎక్కడ పండుకున్నవ్?

ప్రభుత్వాలు మనిషిని అడిగే ప్రశ్నల్లో అన్నింటికంటే లోతైనది ఏదో మా నల్లగొండ మేధావులకు ఇంకా అంతుపట్టలేదు. క్లాక్‌టవర్ దగ్గర చాయ్ తాగుతూ పింఛన్ల మీద, రేషన్ కార్డుల మీద గొంతులు చించుకుంటారు. అవన్నీ చిల్లర విషయాలు. తిన్నావా, పని దొరికిందా, ఒంట్లో బాగుందా అని ఏ సర్కారూ అడగదు. అడిగితే తర్వాత ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. రాత్రి ఎక్కడ పడుకున్నావు అనే ప్రశ్నతో ఆ ఇబ్బంది లేదు. జవాబు రాసుకుంటే చాలు, పరిపాలన పూర్తయినట్టే.

ఈ విద్యలో ఆరితేరిన దేశం థాయిలాండ్. మనవాళ్లు అక్కడికి బీచ్‌లు చూడటానికి వెళ్లి, అసలు చూడాల్సింది చూడకుండా తిరిగొస్తారు. 1979లో చేసిన వాళ్ల ఇమిగ్రేషన్ చట్టంలోని 38వ సెక్షన్ చూడాలి. విదేశీయుడు ఎవరింట్లో దిగితే ఆ ఇంటి యజమాని 24 గంటల్లోపు అధికారులకు తెలియజేయాలి. ఆ ఫారం పేరు టీఎం 30. తెలియజేయకపోతే ఇంటివాళ్లకు 2,000 బాత్‌ల దాకా జరిమానా, హోటల్ నడిపేవాళ్లకైతే 10,000 దాకా. అతిథి వేరే జిల్లాకు పోయి 24 గంటలు దాటి ఉంటే, చేరిన 48 గంటల్లో అక్కడి పోలీసులకు చెప్పాలని ఇంకో సెక్షన్ కూడా ఉంది. ఎంత ఆపేక్ష!

నలభై ఏళ్లు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2019లో ఉన్నట్టుండి గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టారు. దేవరకొండలోని మా చుట్టాల పిల్లగాడు అప్పుడు బ్యాంకాక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు దొరికితే చియాంగ్ మాయ్ పోయి రెండు రాత్రులు హోటల్లో ఉండి వచ్చాడు. హోటల్ వాళ్లు బుద్ధిమంతులు, కంప్యూటర్లో ఎక్కించారు. దాంతో సర్కారు లెక్కలో వీడు చియాంగ్ మాయ్ వాసి అయిపోయాడు. తిరిగొచ్చి తన గదిలో, తన మంచం మీద పడుకున్నా సరే, ఇంటి ఓనరమ్మ మళ్లీ రిపోర్టు చేసేదాకా ఆ మంచం మీద వీడు లేనట్టే. పాపం ఫోన్ చేసి అడిగాడు: "ఆంటీ, నేను తిరిగొచ్చినానని ఆఫీసులో చెప్పాలంట."

ఆమె అడిగింది: "నువ్వు పోయిందెప్పుడు?"

పోయిన సంగతే తెలియని మనిషి, వచ్చిన సంగతి 24 గంటల్లో చెప్పాలి. ఇక్కడే ఆ చట్టం పనితనం తెలుస్తుంది. బాధ్యత ఓనరుది, తప్పు ఓనరుది, జరిమానా కూడా ఓనరుదే. కానీ ఆ రశీదు చూపించకపోతే ఆగిపోయేది కిరాయిదారు వీసా పొడిగింపు. అందుకని ఓనరమ్మ చేయాల్సిన పనికి కిరాయిదారే లైన్లో నిలబడతాడు, ఆమె కట్టాల్సిన డబ్బులు తనే కడతాడు, పైగా ఆమెకు కోపం రాకుండా పండ్లు కొనుక్కుపోతాడు. కౌలు రైతులున్న జిల్లా మనది, ఈ ఏర్పాటు మనకు కొత్తగా అనిపించదు.

అంతకంటే నాకు నచ్చింది 90 రోజుల రిపోర్టు. దేశం దాటకుండా 90 రోజులు ఉంటే, నేను ఉన్నచోటనే ఉన్నానని చెప్పుకోవాలి. గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా చెప్పుకోవచ్చు. మధ్యలో దేశం దాటి వస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. అంటే కదిలినవాడికి ఒక ఫారం, కదలనివాడికి ఇంకో ఫారం. ఏళ్ల తరబడి ఒకే కుర్చీలో కదలకుండా కూర్చున్నవాళ్లు మన ఆఫీసుల్లో ఎంతమంది లేరు! ఒక్కరైనా రిపోర్టు ఇచ్చారా?

2020 జూన్ ఆఖరున థాయి అధికారులు కాస్త కరిగారు. ఊరెళ్లి అదే ఇంటికి తిరిగొస్తే మళ్లీ టీఎం 30 అక్కర్లేదన్నారు. మా పిల్లగాడు సంతోషంగా ఫోన్ చేశాడు. నాకైతే కొంచెం దిగులేసింది.

ఇది చదివి థాయివాళ్లను చూసి నవ్వుకునేవాళ్లు తమ ఇంట్లోకి ఓసారి తొంగి చూసుకోవాలి. మన దగ్గర ఫారం సి ఉండేది. హోటలే కాదు, ధర్మశాల, ఆసుపత్రి, యూనివర్సిటీ, చివరికి మామూలు ఇల్లు, ఎక్కడ విదేశీయుడికి బస ఇచ్చినా 24 గంటల్లో ఆ వివరాలు ఎక్కించాలని ఇమిగ్రేషన్ శాఖ చెబుతూ వచ్చింది. 2025 సెప్టెంబర్ 1న 1920, 1939, 1946 నాటి చట్టాలు తీసేసి కొత్త చట్టం అమల్లోకి తెచ్చారు. పేర్లు మారాయి కానీ ప్రశ్న అదే. సాగర్‌లో బుద్ధవనం చూడటానికి వచ్చిన శ్రీలంక భక్తుడు లాడ్జిలో దిగినా, చీర నేసేది చూద్దామని వచ్చిన ఫ్రెంచి అమ్మాయి పోచంపల్లిలో మగ్గం ఉన్న ఇంట్లో పడుకున్నా, పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు, ఇక్కడి నుంచి ఎక్కడికి పోతారు, అన్నీ కావాలి.

డల్లాస్‌లో పుట్టిన మనుమడు అమెరికా పాస్‌పోర్టుతో ఎండాకాలం సెలవులకు నల్లగొండ వస్తే ఆ గళ్లు ఎలా నింపాలో ఒక అమ్మమ్మను అడిగి చూశాను. ఎందుకు వచ్చాడు? "మామిడిపండ్లు తిననీకి." తర్వాత ఎక్కడికి? "హాలియా, మేనత్త ఇంటికి. ఆమె పిలిస్తే." వాడి అమ్మానాన్నలకు అక్కడ ఇదే బాధ. అమెరికాలో పౌరులు కానివాళ్లు ఇల్లు మారితే 10 రోజుల్లో ఏఆర్-11 ఫారం వేయాలి, వేయకపోతే చట్టం జరిమానాతో పాటు జైలు మాట కూడా ఎత్తుతుంది.

నిజానికి ఈ దేశాలన్నీ కంప్యూటర్ల మీద అనవసరంగా ఖర్చు పెడుతున్నాయి. మా పల్లెల్లో అరుగు మీద కూర్చునే ముసలమ్మకు 24 గంటలు అక్కర్లేదు. బస్సు దిగి బ్యాగు భుజాన వేసుకునేలోపే "ఎవలింటికి బిడ్డా?" అంటుంది. రెండో ప్రశ్న "ఇంటిపేరేంది?" అది ఎందుకు అడుగుతుందో ఆమెకూ తెలుసు, మనకూ తెలుసు. మూడోది "ఎన్నొద్దులుంటవ్?" పొద్దుగూకేలోపు ఊరంతా రిపోర్టు అందుతుంది. రశీదు ఒక్కటే ఇవ్వదు.

అయితే ఇంత శ్రద్ధగల దేశానికి ఒక చోట మాత్రం నిద్ర పట్టేసింది. థాయివాళ్లు తమ చట్టం చేసిన 1979లోనే మనమూ ఒకటి చేశాం, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. 2025లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అది అమల్లో ఉంది. కూలీలను వేరే రాష్ట్రానికి తీసుకుపోయే కాంట్రాక్టరు 15 రోజుల్లోపు వాళ్ల వివరాలు రెండు రాష్ట్రాల అధికారులకు ఇవ్వాలని అందులో ఉండేది. ఒక్కొక్కరికి ఫొటో అతికించిన పాస్‌బుక్కు ఇవ్వాలని, అది కూలీ భాషలో కూడా ఉండాలని రాశారు. చదివితే కళ్లు చెమ్మగిల్లుతాయి. నారాయణపేట, కోస్గి, మద్దూరు, దామరగిద్ద వైపు పోయి ఆ పాస్‌బుక్కు చూపించమని అడగండి. బ్యాంకు పాస్‌బుక్కు తెచ్చి చూపిస్తారు, అందులో పైసలు లేవని కూడా చెబుతారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముసలోళ్లను, పిల్లలను ఇంటి దగ్గర వదిలి, బొంబాయి బస్సెక్కిన పాలమూరు లేబర్ రాత్రి ఎక్కడ పడుకున్నారని ఇన్నేళ్లలో ఏ ఆఫీసూ తల్లడిల్లలేదు. మిర్యాలగూడ రైసుమిల్లులకు బిహారు నుంచి వచ్చిన హమాలీల గురించి మనమూ తల్లడిల్లలేదు, అది వేరే సంగతి.

2020లో లాక్‌డౌన్ పెట్టాక వాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో దేశానికి తెలిసింది, రోడ్ల మీద నడుస్తూ కనిపించారు కాబట్టి. అలా ఇళ్లకు పోతూ ఎంతమంది చనిపోయారని పార్లమెంటులో అడిగితే, అలాంటి లెక్కలేవీ లేవని ఆ ఏడాది సెప్టెంబర్ 14న కార్మిక శాఖ జవాబిచ్చింది. బ్యాంకాక్ నుంచి పోయి మా పిల్లగాడు ఆ రెండు రాత్రులు ఎక్కడ పడుకున్నాడో మాత్రం ఇప్పటికీ ఏదో ఒక కంప్యూటర్లో భద్రంగా ఉండే ఉంటుంది.

కాబట్టి బాగా ఆలోచించి ఈ సూచన చేస్తున్నాను. పాలమూరు కూలీలను వెంటనే విదేశీయులుగా ప్రకటించాలి. అప్పుడు వాళ్లు భివండిలోనో పుణెలోనో సగం కట్టిన బిల్డింగు మూడో అంతస్తులో పట్టా పరుచుకుని పడుకుంటే, 24 గంటల్లో ఆ సంగతి ఢిల్లీకి తెలుస్తుంది. బస ఇచ్చినందుకు ఫారం నింపాల్సింది బిల్డరే. ఎందుకు వచ్చారు అన్న గడిలో ఏం రాస్తాడో చూడాలని నాకు ఆత్రంగా ఉంది. కొందరు అభ్యంతరం చెప్పొచ్చు, సొంత దేశంలోనే విదేశీయులని ఎలా అంటామని. బొంబాయిలో వాళ్లను చూసే చూపు ఒక్కసారి చూసివస్తే ఆ అనుమానం తీరుతుంది. ఒకటే షరతు, ఫారం తెలుగులో ఉండాలి. ఇంగ్లీషులో పెడితే మేస్త్రీ దాన్ని నింపినందుకు కూడా అడ్వాన్సులో కోసుకుంటాడు.