మ్యాచింగ్ సెంటర్‌కు కారు

రెండో ఘాట్ రోడ్డులో కొండ ఎక్కి, 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో దిగి, అన్ని మలుపుల్లోనూ గోరంత గీత పడకుండా తిరుపతి చేరిన కారును నేను మా ఇంటి గేటు స్తంభానికి ఒరిపించాను. పట్టపగలు, సాక్షుల సమక్షంలో. పాలవాడు, పక్కింటి పెద్దాయన, మా ఆవిడ. స్తంభం తన చోట తాను నిలబడి ఉందన్న విషయంలో ముగ్గురి వాంగ్మూలాలూ కలిశాయి.

ఎడమవైపు వెనక తలుపు మీద జానెడు ఆకుపచ్చ గీత. అందులో కొంత స్తంభం నాకు దానం చేసిన రంగు, కొంత నేను పోగొట్టుకున్నది. రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్దితే దానంగా వచ్చినది పోయింది. మిగిలినదాని మీద గోరు పెట్టి లాగాను. గోరు జారిపోతే పాలిష్‌తో సరి, తట్టుకుని ఆగితే రంగు వేయించక తప్పదన్నది ఈ శాస్త్రంలో మొదటి సూత్రం. ఆగింది. ప్రైమర్, దాని మీద రంగు, ఆపైన మెరుపు కోసం క్లియర్ కోటు, అన్నీ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు. సుమారు రెండు తలవెంట్రుకల మందం. ఇన్నాళ్లూ వీధిలో నా హోదా ఆ రెండు వెంట్రుకలేనని అప్పుడు తెలిసింది. పోనీ వదిలేద్దామంటే రేకు బయటపడిన చోట కార్తీకం వానలకే తుప్పు మొదలవుతుంది.

ఇన్సూరెన్సు కాగితాలు తీశాను. మూడేళ్లు క్లెయిము చేయకుండా కాపాడుకున్న 35 శాతం బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, పోతుంది. మొదటి 1000 రూపాయలు మనమే పెట్టుకోవాలి. రంగు సామగ్రి ఖర్చులో సగం తరుగు కింద కోస్తారు. లెక్క కట్టి, పాలసీని భక్తితో మళ్లీ బీరువాలో పెట్టాను. అది గొప్ప ప్రమాదాల కోసం. నా ప్రమాదానికి అంత అంతస్తు లేదు.

తెల్లకారే కదా, తెలుపు తెలుపే కదా అనుకుని చిన్న టచప్ సీసా కొని నేనే పూశాను. పక్కింటి పెద్దాయన ప్రహరీ మీదుగా చాలాసేపు చూసి, "దిష్టికైతే నల్లబొట్టు పెట్టాలి నాయనా" అన్నారు.

చివరికి రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డుకు వెళ్లాం. మేస్త్రీ ధీమాగా, "కోడ్ ఉంటుంది సార్" అన్నాడు. ఉంది, తలుపు చట్రం మీద, అగ్గిపెట్టెంత కాగితంలో. ఆ కోడ్ ప్రకారం మిషన్‌లో కలిపించిన రంగు తెచ్చి డబ్బా మూత తీశాడు. అదీ తెలుపే, నా కారూ తెలుపే. పక్కపక్కన పెడితే ఒకటి మల్లెపువ్వు, ఇంకొకటి నిన్నటి మల్లెపువ్వు.

కోడ్ జాతకం లాంటిది. పుట్టినప్పటి సంగతే చెబుతుంది. ఆ తరువాత నాలుగు వేసవులు మా వీధిలో నీడ లేకుండా నిలబడి ఎండను తాగిన చరిత్ర అందులో ఉండదు. పైగా ఒకే కోడ్‌తో కంపెనీలో వేరువేరు రోజుల్లో రంగు వేసుకున్న కార్ల మధ్యే కాస్త తేడా ఉంటుందట. కవల పిల్లలకు కూడా పుట్టుమచ్చ తేడా ఉంటుంది కదా.

ఇక్కడ మా ఆవిడ రంగంలోకి దిగింది. గాంధీ రోడ్డు మ్యాచింగ్ సెంటర్లలో 20 ఏళ్ల అనుభవం ఆమెది. "ట్యూబ్‌లైటు కింద చూసి చెబుతున్నారా, ఎండలో చూశారా?" అని అడిగింది. మేస్త్రీ మొదటిసారి తల ఎత్తాడు. చీర చెంగు పట్టుకుని కొట్టు బయటికి వచ్చి, వెలుతురులో జాకెట్ గుడ్డ పక్కన పెట్టి చూడనిదే కొనని జాతి మన ఆడవాళ్లది. దీపం మారితే రంగు మారుతుందని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. "నాలుగు ఉతుకులు ఉతికిన చీరకు కొత్త గుడ్డ తెస్తే కలుస్తుందా? కాస్త వెలిసింది చూడండి" అంది.

మేస్త్రీ ఒక అట్టముక్క మీద రంగు కొట్టి, ఆరనిచ్చి, ఎండలో తలుపు పక్కన పెట్టాడు. తడి రంగును నమ్మకూడదట. పసుపు ఒక చుక్క, మళ్లీ అట్ట. నలుపు అర చుక్క, మళ్లీ అట్ట. మూడో అట్టకు మా ఆవిడ తల ఊపింది. షెడ్డంతా ఊపిరి పీల్చుకుంది. రాష్ట్రంలోని రంగుల షెడ్లన్నిటినీ తక్షణమే మ్యాచింగ్ సెంటర్ల పర్యవేక్షణ కిందికి తేవాలని ప్రభుత్వానికి నా వినతి.

ఒక్కచోట మాత్రం నేను అడ్డుపడ్డాను. కొత్త రంగును ముందు తలుపు మీదికి కూడా పలచగా పాకిస్తే అతుకు కంటికి దొరకదని మేస్త్రీ అన్నాడు. ముందు తలుపుకు ఏమీ కాలేదు, నిష్కారణంగా దానికెందుకు డబ్బు పెట్టడం అని నా వాదన. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమె మౌనం ఎంతకు వస్తుందో నాకు తెలియాల్సింది.

నాలుగో రోజు కారు ఇంటికి వచ్చింది. పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. వెనక తలుపు దగ్గర మెచ్చుకోలుగా తల పంకించారు. ముందు తలుపు దగ్గర ఆగి, కళ్లద్దాలు సవరించుకుని, కంపెనీ రంగు మీద వేలు పెట్టారు.

"వెనకది బాగుంది నాయనా. ఇదే, సరిగ్గా కలపలేకపోయాడు."

"అవును సార్, ఎంత చెప్పినా వినలేదు" అన్నాను.