దాగుడుమూతల రాజధాని

మా మేనల్లుడు డిగ్రీ రెండో సంవత్సరంలోనే చరిత్రకారుడయ్యాడు. పుస్తకాలు చదివి అనుకునేరు, ఫోన్ కొనుక్కుని. వాడు తీసే రీల్స్‌కి 'హైదరాబాద్ రహస్య ప్రదేశాలు' అని పేరు. మొదటిది దుర్గం చెరువు మీద. "ఈ చెరువు గురించి ఎవరికీ తెలీదు ఫ్రెండ్స్" అని గుసగుసగా మొదలుపెట్టాడు. వాడి వెనకాల ఓ రెండు వందల మంది నిలబడి, ఎవరి ఫోనుకు వాళ్ళు అదే రహస్యం చెప్పుకుంటున్నారు.

అప్పట్నుంచి ఈ విషయం మీద తీవ్రంగా ఆలోచించి ఒక నిర్ధారణకు వచ్చాను. హైదరాబాద్‌లో ఏదైనా దాస్తే బయటపడుతుంది. పదిమందీ చూడాలని కడితే మాయమవుతుంది. నాలుగు వందల ముప్పై ఏళ్ళుగా ఈ ఊరు మనతో ఆడుతున్న దాగుడుమూతల్లో దొంగ ఎప్పుడూ మనమే.

దుర్గం చెరువునే తీసుకోండి. గోల్కొండ కోటకు నీళ్ళిచ్చిన చెరువది. గుట్టల మధ్య నక్కి ఉంది గనక ఇంగ్లీషులో సీక్రెట్ లేక్ అన్నారు. ఎవరి కంటా పడకుండా కాలక్షేపం చేస్తున్న ఆ చెరువు మీద 2020లో తీగల వంతెన కట్టి, రంగురంగుల దీపాలు పెట్టాం. ఇప్పుడు చెరువు రహస్యం పోయింది, దాని గట్టు రహస్యమైంది. ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయన్నది, ఈ ఊళ్ళో వేదాంత చర్చ. ప్లాటు కొనేటప్పుడు ఒక గీత, కొన్నాక ఇంకో గీత, నోటీసు చేతికొచ్చాక మూడో గీత.

జాకబ్ వజ్రం కథా అంతే. 184.75 క్యారెట్లు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొనబోతే బేరం కాస్తా కోర్టుకెక్కింది, దాంతో ఆయనకు దాని మీద మనసు విరిగింది. ఆయన పోయాక కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కి అది తండ్రిగారి బూటు ముందు భాగంలో దొరికిందని చెబుతారు. ఆయన దాన్ని తీసుకెళ్ళి కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడు. బూటులో దాస్తే బయటపడింది, బల్ల మీద పడేస్తే ఎవరూ ముట్టుకోలేదు. 1995లో కేంద్ర ప్రభుత్వం నిజాం నగలను 218 కోట్లకు కొని రిజర్వు బ్యాంకు ఖజానాలో భద్రం చేసింది. ప్రదర్శనలకు బయటికి తీసిన కొద్ది రోజులు తప్ప మళ్ళీ ఎవరికీ కనపడలేదు. దీనికన్నా బూటే నయం.

ఇక చూపించడానికి కట్టినవాటి సంగతి. చార్మినార్‌ను 1591లో కట్టారు. నాలుగు వైపులా నాలుగు తోరణాలు, నాలుగు రోడ్లు. అవి చాలవన్నట్టు 1889లో నాలుగు గడియారాలు కూడా పెట్టారు. ఎటునుంచి వచ్చినా తప్పించుకోలేని కట్టడం. నేను ముప్పై రెండేళ్ళుగా తప్పించుకుంటున్నాను. పైకి ఎక్కింది ఒకే ఒక్కసారి, అదీ వరంగల్ నుంచి మా బావగారు వచ్చిన పాపానికి. 149 మెట్లు. నూరో మెట్టు దగ్గర ఆయన ఆయాసపడుతూ "మీరు తరచూ వస్తుంటారేం బావా" అన్నారు. అవునన్నాను. హైదరాబాదీగా నాకూ ఓ పరువుంది.

చార్మినార్ మనకు ఎందుకు కనపడదంటే, అంతటా కనపడుతుంది గనక. సిగరెట్ పెట్టె మీద ఉంది, బిస్కెట్ డబ్బా మీద ఉంది, బిర్యానీ ప్యాకెట్ మీద ఉంది. చెన్నై పోయే రైలు పేరులో ఉంది. సినిమాలో హీరో హైదరాబాద్ వచ్చాడని చెప్పాలంటే చార్మినార్ మీదుగా ఒక్కసారి డ్రోన్ తిప్పుతారు, ఆ తర్వాత కథంతా గచ్చిబౌలిలో నడుస్తుంది. ఇన్ని బొమ్మలు చూశాక అసలుది చూస్తే, బిస్కెట్ డబ్బా మీదిదే బాగుందనిపిస్తుంది.

అక్కణ్ణుంచి నాలుగడుగులు ముందుకేస్తే గుల్జార్ హౌజ్. నాలుగు కమాన్ల నడుమ, రోడ్డుకు నట్టనడుమ కట్టిన ఫౌంటెన్. ఇంతకన్నా నడిబొడ్డు ఈ ఊళ్ళో లేదు. బావగారికి గర్వంగా చూపించాను. "ట్రాఫిక్ ఐలాండ్ బాగా కట్టారు" అన్నారు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో పరిస్థితి ఇంకా విచిత్రం. ఇటలీ శిల్పి బెంజోని 1876లో చెక్కిన రెబెకా అక్కడుంది. పాలరాతి ముసుగులోంచి పాలరాతి ముఖం కనపడుతుంది, దాచడమూ చూపించడమూ ఒకే రాయిలో చేసి పెట్టాడు మహానుభావుడు. కానీ జనమంతా గడియారం దగ్గరుంటారు. అందులో చిన్న బొమ్మ మనిషి గంటగంటకూ తలుపు తీసుకుని బయటికొచ్చి, గంట కొట్టి, లోపలికి పోతాడు. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు గనక ఆ ఆట హౌస్‌ఫుల్. అన్నేసి గదుల సంపదను వదిలేసి ఆ బొమ్మ కోసం పిల్లల్ని ఎత్తుకుని ఎందుకు నిలబడతారా అని మొదట్లో చిరాకు పడేవాణ్ణి. తర్వాత అర్థమైంది. చెప్పిన వేళకు సీటు దగ్గరికొచ్చి, తన పని చేసి, ఎవరి చేతిలోనూ ఏమీ పెట్టించుకోకుండా వెళ్ళిపోయే ఉద్యోగిని పిల్లలకు మరెక్కడ చూపిస్తాం?

గోల్కొండకు వెళ్ళినా ఇదే జ్ఞానోదయం. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కొండ మీద బాలాహిస్సార్‌లో వినబడుతుంది. గైడు కొట్టి చూపిస్తాడు, మనం కొడతాం, మన పిల్లలు కొడతారు, పైనున్నవాళ్ళు తిరిగి కొడతారు. కిందివాడి చప్పుడు పైవాడికి వినపడేలా కట్టిన ఆఖరి ప్రభుత్వ భవనం అదేనని నా నమ్మకం. తర్వాతి కట్టడాల్లో ఆ టెక్నాలజీ ఎక్కడా వాడినట్టు లేదు. అంత టెక్నాలజీ ఉండి కూడా, ఔరంగజేబు ఎనిమిది నెలలు బయట కూర్చున్నాక 1687లో లోపలివాడే ఒకడు తలుపు తీశాడు. చప్పట్లు వినపడ్డ చెవులకు గడియ తీసిన చప్పుడు వినపడలేదు.

అదే కోటలో రామదాసు చెర ఉంది. ఖజానాకు జమ కట్టాల్సిన సొమ్ము భద్రాచలం గుడికి ఖర్చు పెట్టాడని కంచర్ల గోపన్న అనే తహసీల్దారును అక్కడ బంధించారు. ఆయన లోపల కూర్చుని ఖర్చుల పద్దు సాక్షాత్తూ రాముడికే పాడి వినిపించాడు. ప్రభుత్వ ఉద్యోగులు ఆ గది ముందు చేతులు కట్టుకుని చాలాసేపు మౌనంగా నిలబడటం నేను గమనించాను. భక్తి వల్లే అనుకుంటాను.

మనం నిజంగా తలెత్తి చూసే కట్టడాలు వేరే ఉన్నాయి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో శుక్రవారానికి లేచే హీరోగారి కటౌట్. పాలాభిషేకం, పూలదండ, టపాసులు అన్నీ దానికే, సోమవారం కలెక్షన్లు పడితే దాని దారి దానిది. ఖైరతాబాద్ వినాయకుడు 1954లో ఒక్క అడుగుతో మొదలై ఏటేటా ఎదిగాడు, ఆయన కోసం తోసుకుంటూ మరీ క్యూ కడతాం. తర్వాత ఆయన్ని హుస్సేన్ సాగర్‌లో కలిపేస్తాం. పదిరోజుల్లో పోతుందంటే పరిగెత్తుకెళ్ళి చూస్తాం. నాలుగు శతాబ్దాలుగా కదలకుండా నిలబడ్డదాన్ని మాత్రం వచ్చే ఆదివారం చూద్దాంలే అంటాం.

మరి ఈ ఊళ్ళో చెక్కుచెదరకుండా మిగిలిందేమిటయ్యా అంటే, పేర్లు. సిటీ బస్సు బోర్డును మించిన మ్యూజియం లేదు. లక్డీకాపూల్ అంటే కట్టె వంతెన, వెళ్ళి వెతకండి, కాంక్రీటు తప్ప అగ్గిపుల్లంత కట్టె కనపడదు. మాసాబ్ ట్యాంక్‌లో చెరువు లేదు, ఫ్లైఓవర్ ఉంది. గట్టి వాన పడిన రోజు మాత్రం చెరువు తన పాత అడ్రసు వెతుక్కుంటూ వస్తుంది. బషీర్‌బాగ్‌లో తోట లేదు. ఆబిడ్స్ అంటే ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా ఆయన పెట్టిన దుకాణం. దుకాణం ఎప్పుడో పోయింది, మనం ఇంకా ఆబిడ్స్‌కి షాపింగ్‌కి పోతూనే ఉన్నాం.

అన్నిటికన్నా నాకిష్టమైనది మూసారాంబాగ్. మెట్రోలో పక్కాయన్ని అడిగితే "ఎవరో రామయ్యగారి తోట అయ్యుంటుంది" అన్నాడు. ఆ రామయ్య పేరు రేమాఁ. ఫ్రాన్స్ నుంచి వచ్చి రెండో నిజాం సైన్యంలో సేనాపతి అయ్యాడు, 1798లో ఇక్కడే పోయాడు. మస్యూ రేమాఁ అనడానికి నోరు తిరగక ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. పరాయి దేశపు క్రైస్తవుణ్ణి ఇలా చెరిసగం పంచుకుని ఇద్దరూ సొంతం చేసుకున్నారు. ఈ పని ఇవాళ చేయబోతే మూడు పిటిషన్లు పడతాయి. సమాధి ఇప్పటికీ మలక్‌పేట వైపు గుట్ట మీదే ఉంది. దారి అడిగితే ఆటో ఆయన "ఆ గోరాసాబ్‌దా? పర్సోఁ ఉండె" అన్నాడు. హైదరాబాదీ లెక్కలో పర్సోఁ అంటే మొన్న అయినా కావచ్చు, 1798 అయినా కావచ్చు. ఇంత క్లుప్తంగా చరిత్ర చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

అసలు ఈ రద్దీకంతటికీ మూలం ఒక ప్రార్థన. ఊరు కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా, నదిలో చేపల్ని నింపినట్టు నా నగరాన్ని జనంతో నింపు స్వామీ అని వేడుకున్నాడట. ఆయన రాజే కాదు, కవి కూడాను. కవులు ఏదైనా అడిగేటప్పుడు పరిమాణం స్పష్టంగా రాయాలి. దేవుడు ఆ ఫైలు మీద సంతకం పెట్టాడు, ఎప్పుడు ఆపాలో అందులో లేదు గనక ఇంకా పంపుతూనే ఉన్నాడు. సాయంత్రం ఆరున్నరకు అమీర్‌పేటలో మెట్రో మారి చూడండి, ప్రార్థన శక్తి ఒంటికి తగులుతుంది.

చేపల సంగతే తేడా కొట్టింది. ఇవాళ మూసీలో నగరం నడుమ చేప కనపడితే పట్టుకోవడం కాదు, శాలువా కప్పాలి. పాతబస్తీలో మచ్లీ కమాన్ పేరులో ఒక చేప మిగిలింది. ఇక ఏటా మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప ప్రసాదం ఇస్తారు, ఆయాసం పోతుందని బతికున్న కొరమీను పిల్లను మందుతో సహా గొంతులో వేస్తారు. అంటే మొత్తానికి ప్రార్థన ఫలించింది, వరస కాస్త మారిందంతే. చేపల్లా జనం రమ్మంటే, జనంలోకి చేపలు పోతున్నాయి.

అదే మూసీ 1908 సెప్టెంబర్ 28న పొంగి వేలమందిని తీసుకుపోయింది. ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించడం, గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టడం, అంతా ఆ తర్వాతే. ఆ రోజు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. వెటకారం నా వృత్తే గానీ, ఆ చెట్టు దగ్గర నోరు పెగల్లేదు. దాని మీద రీల్ తీయరా అని మేనల్లుడితో అంటే "చెట్టే కద మామయ్యా, వ్యూస్ రావు" అన్నాడు.

అలాగని వాణ్ణి తప్పుపట్టను. కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది, 1803 ప్రాంతంలో నిజాం కొలువులోని బ్రిటిష్ రాయబారి కిర్క్‌పాట్రిక్ కట్టించిన మహా భవనం. తర్వాత అది మహిళా కళాశాల అయింది. ఆయన హైదరాబాద్ అమ్మాయి ఖైరున్నీసాను పెళ్ళాడాడు. ఆమెది పరదా, ఆడవాళ్ళుండే జనానా దాటి రాదు. ఇంటి ముందుభాగం ఎలా ఉంటుందో ఆమె చూడాలని, ఆ భవనానికే ఒక చిన్న నమూనా చేయించి లోపలి తోటలో పెట్టించాడని కథ. పాపం ఆమెకు బయటికి వచ్చే వీలు లేక చిన్న బొమ్మ చూసి తృప్తి పడింది. మా వాడు అసలు భవనం ఎదురుగా నిలబడి, దానికి వీపు పెట్టి, అరచేతిలో ఉన్న చిన్న బొమ్మను చూసుకుంటున్నాడు.

నేను వాడికన్నా ఏం గొప్ప? మా సందు మొదట్లో పెద్ద వేపచెట్టు ఉండేది. రెండేళ్ళ కిందట కరెంటు తీగలకు అడ్డమని కొట్టేశారు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను, రంపం చప్పుడు విన్నాను, టీ తాగుతున్నాను. మా అడ్రసు మాత్రం ఇప్పటికీ 'వేపచెట్టు సందు'. మొన్న పార్శిల్ తెచ్చిన అబ్బాయి పావుగంట తిరిగి ఫోన్ చేశాడు.

"సార్, వేపచెట్టు ఎక్కడుంది సార్? కనపడతలేదు."

బాల్కనీలోంచి చూశాను. ఎండలో, నెత్తిన చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అక్కడే ఉండు బాబూ," అన్నాను, "సరిగ్గా దాని కిందే ఉన్నావు."