పార్టు నంబరుతో వెతకండి

1970ల హోండా సీబీ750 మోటారుసైకిల్ ఇంజిన్‌కి పార్టులు దొరక్కపోతే ఇంకో పాత ఇంజిన్ కొని విప్పుకోమని ఒక వ్యాసంలో రాశారు. అంతదూరం వెళ్లేముందు పార్టు నంబరుతో వెతికి చూడండి. హోండా నంబర్లో మధ్యనుండే మూడంకెలు ఆ పార్టు మొదట ఏ మోడల్ కోసం తయారైందో చెబుతాయి. మొదటి సీబీ750ది 300. మీ బండి పార్ట్స్ కేటలాగ్‌లో వేరే కోడ్ కనిపించిందంటే, ఆ పార్టు ఆ మోడల్లోనూ ఉందన్నమాట. బండి పేరుతో వెతికితే ఇలా వేరే మోడల్ పేరిట ఉన్న పార్టులు కంటబడవు.

పిస్టన్ల దగ్గర మాత్రం తొందరపడొద్దు. ముందే బోరింగ్ (అరిగిన సిలిండర్‌ని లోపల కోసి వెడల్పు చేయడం) చేయించేసి, ఆ సైజు పిస్టన్ దొరక్క సిలిండర్ బ్లాకు పాడుచేసుకున్నవాళ్లు ఎందరో. స్టాండర్డ్ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 61 మి.మీ., ఓవర్‌సైజు పిస్టన్లు 0.25 మి.మీ. చొప్పున పెరుగుతాయి. సిలిండర్‌ని పైన, మధ్యన, కింద, రెండేసి దిశల్లో కొలిచి ఏ సైజు కావాలో తేల్చుకోండి. నాలుగు పిస్టన్లూ రింగులతో సహా చేతికొచ్చాకే బ్లాకు లేతు పనివాళ్లకివ్వండి. ఒక్కో పిస్టన్‌నీ కొలిచి, దానికి తగ్గట్టే బోరు చేయాలి.

పెట్టె విప్పని పాత స్టాకు గేర్లకీ షాఫ్టులకీ బంగారమే. ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులకి, అంటే ఆయిల్ సీళ్లకి, మాత్రం వద్దే వద్దు. వాడకుండా ఉంచినా రబ్బరు గట్టిపడి అంచు చీలుతుంది. చాలా సీళ్ల మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అచ్చై ఉంటాయి, ఆ కొలతలతో కొత్తవి తీసుకోండి.

ఇంకొకటి, ఇంజిన్ సైడ్ కవర్ స్క్రూలు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ బిట్టు, సుత్తితో కొడితే స్క్రూని తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి.